ఇంటి ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?

ఈ ఎపిసోడ్ ఒక ఫొటోతో మొదలుపెడదాం. స్క్రీన్ మీద ఇటుకలతో కట్టిన పొడవాటి గుండ్రటి కట్టడం కనిపిస్తోంది కదా, అచ్చం ఇటుకల బట్టీ పొగగొట్టంలా. చదువుతున్నవాళ్లు ఊహించుకోండి. అది పొగగొట్టం కాదు, బావి. మొహెంజొదారోలో బావి.

భూమి లోపలికి ఉండాల్సిన బావి ఇలా పైకి ఎలా లేచింది? తవ్వకాలు చేసినవాళ్లు చుట్టూ ఉన్న మట్టి తీసేశారు కాబట్టి ఇటుకల గోడ ఒక్కటే నిలబడి అలా కనిపిస్తోంది. అసలు విషయం ఏంటంటే, ఆ గోడ మొత్తం ఒకేసారి కట్టింది కాదు. ఆ ఊళ్లో కొన్ని వందల ఏళ్లు జనం ఉన్నారు, సుమారు క్రీ.పూ. 2500 నుంచి 1900 దాకా. పాత ఇల్లు పడిపోతే ఆ శిథిలాల మీదే కొత్త ఇల్లు కట్టేవాళ్లు. వీధి మట్టం పెరిగేది. వీధి పెరిగితే బావి గట్టు కిందైపోతుంది, వాననీళ్లూ చెత్తా లోపల పడతాయి. అందుకని గట్టు మీద ఇంకొన్ని వరసల ఇటుకలు పేర్చేవాళ్లు. తర్వాతి తరం ఇంకొన్ని. అంటే ఆ బావి గోడ ఒక ఊరి వీధి ఎంత పెరిగిందో రాసిపెట్టుకున్న స్కేలు లాంటిదన్నమాట.

ఇప్పుడు మీ వీధిలోకి రండి. మీ చిన్నప్పుడు కట్టిన ఇల్లు ఏదైనా చూడండి. అప్పట్లో మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఒక మెట్టే ఉంది. ఇంకొన్ని ఇళ్లలోకైతే మెట్లు దిగాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. అదే సమస్య, నాలుగు వేల ఏళ్ల తర్వాత కూడా.

మా నాన్నగారు పోయిన సంవత్సరం ఊళ్లో ఇల్లు మొదలుపెట్టారు. పునాది అయ్యాక బేస్‌మెంట్ ఎంత లేపాలి అన్న దాని మీద మా ఇంట్లో పది రోజులు చర్చ నడిచింది. మన దగ్గర బేస్‌మెంట్ అంటే నేల కింద గది కాదు, పునాది మీద ఫ్లోరింగ్ దాకా ఉండే ఎత్తు, అది అందరికీ తెలుసు. మేస్త్రీ "రోడ్డు మీద మూడడుగులు పెడదాం సార్" అన్నాడు. మా పెదనాన్న నాలుగు అన్నారు. అమ్మ మాత్రం "మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లు ఎవరెక్కుతారండీ" అంది. అందరూ మూడా నాలుగా అని కొట్టుకుంటున్నారు తప్ప, ఎక్కడి నుంచి మూడు అన్నది ఎవరూ అడగలేదు. రోడ్డు నుంచే కదా అంటారు. ఏ సంవత్సరం రోడ్డు నుంచి?

నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ మా పీడకల ఏంటో తెలుసా? అందరూ వాడుకునే ఒక విలువ ఉంటుంది, దాన్ని ఎవడో చెప్పకుండా మార్చేస్తాడు. మీ కోడ్‌లో తప్పేమీ లేదు, కానీ మొత్తం కూలిపోతుంది. రోడ్డు మట్టం అలాంటిదే. మీరు ఇంటిని దానికి కట్టేశారు, మార్చే అధికారం మాత్రం మీ చేతిలో లేదు. నిన్న తారు రోడ్డు, ఇవాళ దాని మీదే ఆరంగుళాల సిమెంటు రోడ్డు, రేపు దాని మీద ఇంకో పొర.

ఈ గొడవని ఒక నగరం మొత్తం ఎదుర్కొన్న కథ ఉంది. అది అమెరికాలో షికాగో. కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఇలాంటిది ఇంకోటి నేను చూడలేదు.

1850ల్లో షికాగో అంటే మిషిగన్ సరస్సు ఒడ్డున బురదలో కట్టిన ఊరు. నేల సరస్సు నీటి కంటే కొద్ది అడుగులే ఎత్తు, అదీ పళ్లెంలా చదునుగా. నీళ్లు ఎటూ పోవు. వీధులన్నీ బురద. మురుగు అక్కడే నిలబడేది, తాగే నీళ్లలో కలిసేది. 1854లో కలరా వచ్చి ఊళ్లో నూటికి దాదాపు ఆరుగురు చనిపోయారు. వంద మంది ఉన్న వీధిలో ఆరు శవాలు. అప్పుడు భయం పుట్టింది. 1855లో మురుగు కాల్వల కోసం ఒక బోర్డు పెట్టి, ఎల్లిస్ చెస్‌బ్రో అనే ఇంజనీర్‌ని తెచ్చుకున్నారు.

చెస్‌బ్రోకి ఎదురైన చిక్కు చూడండి. మురుగు గొట్టానికి వాలు కావాలి. వాలు కావాలంటే లోతుగా తవ్వాలి. లోతుగా తవ్వితే గొట్టం సరస్సు, నది మట్టం కంటే కిందకి పోతుంది, మురుగు బయటికి పోవడానికి బదులు నది నీళ్లే లోపలికి వస్తాయి. కిందకి వెళ్లే దారి లేదు. అందుకని ఆయన తిరగేసి ఆలోచించాడు. గొట్టాలని తవ్వి పూడ్చొద్దు, వీధి మీదే వెయ్యండి, తర్వాత వాటి మీద మట్టి పోసి కొత్త వీధి చెయ్యండి. ఊరికి కొత్త నేల. కొన్నిచోట్ల నాలుగడుగులు, కొన్నిచోట్ల పది అడుగుల దాకా.

మరి ఇళ్లు? పాత నేల మీదే ఉన్నాయి కదా. అక్కడే కథ రంజుగా మారింది. భవనాలని జాకీలతో లేపడం మొదలుపెట్టారు. 1858 జనవరిలో మొదటి ఇటుకల భవనం లేచింది, నాలుగంతస్తులది, బరువు 750 టన్నులు. దాని కింద 200 స్క్రూ జాకీలు పెట్టి 6 అడుగుల 2 అంగుళాలు పైకి తెచ్చారు. పగుళ్లు రాలేదు. అది చూశాక ఊరంతా ధైర్యం వచ్చింది. 1860లో లేక్ స్ట్రీట్‌లో సగం బ్లాకుని ఒకేసారి లేపారు. 320 అడుగుల పొడవు, నాలుగైదు అంతస్తుల షాపులూ ఆఫీసులూ, బరువు 35,000 టన్నులని అంచనా. 600 మంది మనుషులు, 6,000 జాకీలు. ఒక్కో మనిషికి పది జాకీలు. సిగ్నల్ ఇవ్వగానే అందరూ ఒకేసారి కొంచెం తిప్పాలి, మళ్లీ సిగ్నల్, మళ్లీ కొంచెం. ఐదు రోజుల్లో 4 అడుగుల 8 అంగుళాలు. ఆ ఐదు రోజులూ షాపులు మూయలేదండీ. పైన బట్టలు అమ్ముతున్నారు, కింద జాకీలు తిరుగుతున్నాయి.

ట్రెమాంట్ హౌస్ అనే హోటల్‌ని 1861లో లేపినప్పుడు లోపల అతిథులు ఉన్నారు. ఒకాయన రోజూ గుమ్మం ముందు మెట్లు ఇంకాస్త నిటారుగా మారుతున్నాయేంటి అని తికమక పడ్డాడని చెప్పుకుంటారు. ఆ లేపే పనిలో ఉన్నవాళ్లలో జార్జ్ పుల్‌మన్ ఒకడు. తర్వాత రైళ్లలో పడుకునే బోగీలు చేసి ప్రపంచానికి తెలిసిన పుల్‌మన్ ఆయనే. చేతిలో డబ్బు పడింది ముందు ఇళ్లు లేపే పనిలోనే.

ఇంతవరకూ యూట్యూబ్‌లో చాలామంది చెప్పిన కథే. నాకు నచ్చింది వేరే. షికాగో వాళ్లు ఎత్తు కొలవడానికి వీధిని నమ్ముకోలేదు. 1847లో సరస్సు నీళ్లు బాగా తగ్గినప్పటి మట్టాన్ని పట్టుకుని, అదే మన నగరానికి సున్నా అన్నారు. షికాగో సిటీ డేటమ్ అంటారు దాన్ని, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏ వీధి ఆ సున్నా మీద ఎన్ని అడుగులు ఉండాలో నగరం చట్టం చేసి చెప్పింది. అంటే కొత్తగా ఇల్లు కట్టుకునేవాడు ఇప్పటి బురద వీధిని చూడక్కర్లేదు, రాబోయే వీధి ఎక్కడికి వస్తుందో కాయితం మీద చూసుకుని ముందే ఆ ఎత్తున కట్టుకోవచ్చు. జాకీల కంటే ఆ కాయితమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది, దాన్ని దాచిపెడితే కథ అబద్ధం అవుతుంది. వీధికి మట్టి నగరం పోసింది. ఇల్లు లేపుకునే ఖర్చు మాత్రం ఇంటివాడిదే. హోటల్ వాడు లేపుకున్నాడు, బ్యాంకు వాడు లేపుకున్నాడు. చెక్క ఇళ్లు చాలావాటిని లేపడం దండగని చక్రాలూ దుంగల మీద పెట్టి ఊరి బయటికి లాక్కుపోయారు. లేపుకునే స్థోమత లేనివాళ్లు అలాగే ఉండిపోయారు. ఇప్పటికీ షికాగోలో పిల్సెన్ అనే పేటకి వెళ్తే కొన్ని పాత ఇళ్ల ముందు జాగా రోడ్డు కంటే ఒక అంతస్తు దిగువన గొయ్యిలా ఉంటుంది. ఒకప్పటి అసలు నేల అదే. ఫుట్‌పాత్ నుంచి చిన్న వంతెన లాంటి మెట్ల మీదుగా నేరుగా రెండో అంతస్తులోకి వెళ్తారు.

మా వీధిలోనూ అలాంటి ఇల్లు ఉంది. మేమంతా పిన్ని అని పిలిచే ఒకావిడది. ఆవిడ ఇల్లు కట్టినప్పుడు వీధిలో అదే ఎత్తు ఇల్లట. ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్లాలి. వాన పడితే గుమ్మానికి అడ్డంగా ఇసక బస్తాలు. మా నాన్న మూడడుగులు లేపినా నాలుగడుగులు లేపినా, మా స్థలంలో నిలవని నీళ్లు ఎటు పోతాయి? ఆవిడ వాకిట్లోకే. ఎత్తు గురించి మాట్లాడేటప్పుడు అందరం నా ఇల్లు మునగకూడదు అనే మాట్లాడతాం. నీళ్లు మాయమవ్వవు కదండీ, పక్కకి పోతాయంతే.

ఎత్తు అంటే నీళ్ల లెక్క మాత్రమే కూడా కాదు మన దేశంలో. మయమతం లాంటి పాత వాస్తు గ్రంథాల్లో అధిష్ఠానం, అంటే కట్టడం కింద పీఠం, ఎవరికి ఎంత ఎత్తు ఉండొచ్చో వర్ణాల వారీగా తగ్గించుకుంటూ రాశారు. పైవాళ్లకి ఎక్కువ, కిందవాళ్లకి తక్కువ. వరద వచ్చినప్పుడు ఆ లెక్క ఎవరి ప్రాణం మీదకి వస్తుందో మీరే చూసుకోండి. ఊళ్లలో మెరక మీద ఎవరి ఇళ్లు, పల్లంలో ఎవరి ఇళ్లు అన్నది కూడా ఇంజనీరింగ్ ఒక్కటే చెప్పే ప్రశ్న కాదు.

సరే, రోడ్డుని నమ్ముకోకపోతే మన పెద్దవాళ్లు దేన్ని నమ్ముకున్నారు? గోదావరి జిల్లాల లంకల్లో అయితే జవాబు సులువు. నీళ్లని. నది ఎంత దాకా వచ్చిందో అదే గీత. మా అమ్మమ్మ వాళ్లది ధవళేశ్వరం దిగువన ఒక లంక ఊరు. అక్కడ ముసలివాళ్లు ఇంటి ఎత్తు అడుగుల్లో చెప్పరు. "యాభైమూడు నీళ్లకి అరుగు తడిసింది", "ఎనభైఆరులో కిటికీ దాకా" అంటారు. 1953 ఆగస్టు వరద ఆ తరానికి కొలబద్ద. అంతకు మించి గోదావరి రాదు అనుకుని, ఆ గీత మీద ఇంకో జానెడు వేసుకుని చాలామంది ఇళ్లు కట్టుకున్నారు. 1986 ఆగస్టులో వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలంలో 75.6 అడుగులు. 53 గీత మీద కట్టిన ఇళ్లు మునిగాయి. తర్వాత కట్టినవాళ్లకి 86 గీత కొత్త సున్నా అయింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు టీవీలో అందరూ 86తో పోల్చింది అందుకే.

చిన్న మాట, ఆ అడుగులు విని మీ వీధిలో 71 అడుగుల నీళ్లు అనుకోకండి. అది నది దగ్గర ఉన్న కొలమానం మీద అంకె. 43 దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. దాని సున్నా దానిది. ఇది తెలియక వాట్సాప్‌లో ఎంత గందరగోళం అవుతుందో మీకు తెలుసు.

అందుకే అసలు ప్రశ్న, మన దేశానికి ఎక్కడైనా కదలని సున్నా ఉందా? ఉంది. మీరు వందసార్లు చూశారు కూడా. రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టం నుంచి ఇన్ని మీటర్లు అని ఉంటుంది కదా, అదే. దాని వెనక పెద్ద కథ ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 1858లో దేశమంతా ఎత్తులు కొలిచే పని మొదలుపెట్టారు. లెవెల్ పరికరం, కర్ర స్కేలు, నడక. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, కొంచెం కొంచెంగా తేడాలు కూడుకుంటూ. సముద్రం ఎత్తు గంటగంటకీ మారుతుంది కాబట్టి రేవుల్లో ఏళ్లతరబడి ఆటుపోట్లు కొలిచి సగటు తీశారు. అలా తొమ్మిది రేవుల సగటుకి దేశం మొత్తం లెక్కని 1909 నాటికి సరిపెట్టారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖపట్నం ఒకటి. ఆ పని ఫలితంగానే దేశమంతా రాళ్ల మీద, పాత కట్టడాల మీద బెంచ్ మార్క్ గుర్తులు చెక్కి ఉంటాయి. రోడ్డు ఎన్నిసార్లు లేచినా ఆ రాయి అంకె మారదు.

మన మేస్త్రీ చేతిలో కూడా దాని చిన్న తమ్ముడు ఉన్నాడు. పారదర్శకంగా ఉండే నీళ్ల ట్యూబు. ఒక చివర ఇక్కడ, ఇంకో చివర ఇంటి ఆ మూల. రెండు చివరల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. బ్యాటరీ లేదు, యాప్ లేదు, గోడ అడ్డం ఉన్నా పనిచేస్తుంది. ఒక్కటే షరతు, ట్యూబులో గాలి బుడగ ఉండకూడదు. లేజర్ లెవెల్ కొన్న కాంట్రాక్టర్లు కూడా అనుమానం వస్తే ట్యూబు తెప్పించడం నేను చూశాను.

మా ఇంటి సంగతి చెప్పి ఆపుతాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర, బేస్‌మెంట్ ఉండాలంటుంది. అది కనీసం మాత్రమే. మేము చేసింది ఏంటంటే, వీధిలో ఇరవై ఏళ్లుగా ఉన్న ఒక కల్వర్టు గోడ మీద గుర్తు పెట్టుకున్నాం. పెద్దవాళ్లని అడిగి ఆ గుర్తు మీద వాననీళ్లు ఎంత దాకా వచ్చాయో రాసుకున్నాం. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎంత పెరిగిందో పిన్ని ఇంటి మెట్లే చెప్పాయి, పూడిపోయిన మెట్లు లెక్కపెడితే చాలు. చివరికి రోడ్డు మీద రెండున్నర అడుగుల దగ్గర ఆగాం. నాన్న దాంతో పాటు రూఫ్ ఎత్తుని పది నుంచి పదిన్నరకి పెంచారు. మొదట నాకు అర్థం కాలేదు. ఆయన లెక్క ఇది. గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు తొమ్మిదడుగుల ఎత్తు కోడ్ అడుగుతుంది. పదిన్నర ఉంటే, రేపు రోడ్డు నిజంగా లేచిపోయినా ఇంటిని జాకీలతో లేపక్కర్లేదు, లోపల ఫ్లోరింగ్‌నే అడుగున్నర లేపుకోవచ్చు. తలుపులు మార్చాలి, ఫ్యాను రాడ్డు కొయ్యాలి, అంతే. ఇప్పుడు మన టౌన్లలోనూ జాకీలతో ఇళ్లు లేపేవాళ్లు తిరుగుతున్నారు. ఆ ఖర్చు ముందు అర అడుగు గోడ ఖర్చు ఎంత? మెట్లు తక్కువయ్యాయని అమ్మ కూడా ఒప్పుకుంది.

మా వైపు ప్రహరీ లోపల నుంచి నీళ్లు వీధి కాలువలోకి పోయేలా ఒక పైపు వేయించాం, పిన్ని వాకిట్లోకి పోకుండా. దాని మీద మా పెదనాన్న ఇంకా గొణుగుతున్నారు, కాలువలో పూడిక ఎవరు తీస్తారు అని. ఆయన అడిగిందీ న్యాయమే.

రోడ్డు వేసేవాళ్ల వైపు నుంచి కూడా ఒక దారి ఉంది. కొత్త పొర వేసే ముందు పాత పొరని గీకేయాలి, మిల్లింగ్ అంటారు. 2021లో తమిళనాడు చీఫ్ సెక్రటరీ ఇదే ఆదేశం ఇచ్చారు, పాత రోడ్డు గీకకుండా ఎత్తు పెంచొద్దని. మీ వార్డులో ఈసారి రోడ్డు పని మొదలైనప్పుడు ఆ గీకే మిషన్ వచ్చిందా లేదా చూడండి. రాకపోతే పని మొదలుకాకముందే అడగండి, ఒకసారి సిమెంటు పోసేశాక ఎవరూ వెనక్కి తీయరు. మూసీ 1908 వరద గురించి చాలామంది అడిగారు, అది పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను.